బ్యారీ శాండర్స్ రికార్డు ముందు ఎందుకు ఆగిపోయాడు?

మీ ప్రశ్న చూశాక వెంటనే రాద్దామనుకున్నాను కానీ వారమంతా ఆఫీసు పనితోనే సరిపోయింది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో డెట్రాయిట్ లయన్స్ జట్టుకి ఆడిన బ్యారీ శాండర్స్ గురించి మీరు అడిగింది ఇదే కదా: "యూట్యూబ్‌లో బ్యారీ శాండర్స్ క్లిప్పులు చూశాను, మతి పోయింది. 31 ఏళ్లకే, దెబ్బ ఏదీ తగలకుండానే, ఆల్‌టైమ్ రికార్డుకి ఒక్క సీజన్ దూరంలో ఉండగా ఎందుకు మానేశాడు? డబ్బు గొడవా? అసలు రన్నింగ్ బ్యాక్ అంటే ఏం చేస్తాడు?"

నేను 1998 మొదట్లో వై2కే ప్రాజెక్టు మీద డెట్రాయిట్ పక్కకి వచ్చాను. ఇక్కడే ఉండిపోయాను. అంటే బ్యారీ ఆడిన పదేళ్లలో చివరి ఒక్క ఏడాదే నా కళ్లతో చూశాను, మిగతా తొమ్మిదీ ఈ ఊరి వాళ్ల నోట విని, పాత మ్యాచ్‌లు వెతుక్కుని చూసినవే. పాతికేళ్లకు పైగా లయన్స్‌ని భరించిన అర్హతతో చెప్తున్నానన్నమాట.

ముందు చివరి ప్రశ్న తేల్చేద్దాం. మైదానం 100 గజాలు (హైదరాబాద్‌లో ప్లాటు కొలిచే గజమే, 3 అడుగులు). బంతి ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలిస్తారు, ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకి జరిగితే మళ్లీ నాలుగు, లేకపోతే బంతి అవతలి వాళ్లది. ముందుకి జరగాలంటే దారులు రెండే: క్వార్టర్‌బ్యాక్ (జట్టు ఆట నడిపేవాడు) బంతిని గాల్లో విసరడం, లేదా వెనకున్న మనిషి చేతిలో పెట్టి పరిగెత్తించడం. ఆ వెనకున్న మనిషే రన్నింగ్ బ్యాక్. మన చెడుగుడులో కూతకి వెళ్లినవాణ్ని ఊహించుకోండి, కాకపోతే ఇక్కడ చుట్టూ పదకొండు మంది, ఒక్కొక్కడు వంద కిలోలకి అటూఇటూ, తాకి వెనక్కి రావడం కాదు, వాళ్ల మధ్య నుంచి అవతలికి పోవాలి. పట్టుకునేవాళ్లు కాళ్లు పట్టి ఆపడమే కాదు, గుద్ది పడేస్తారు. ఒక మ్యాచ్‌లో ఇలా ఇరవై సార్లు. అందుకే ఈ ఆటలో అందరికంటే ముందు అరిగిపోయేది వీళ్లే, ముప్పై దాటితే జట్లు కాంట్రాక్టు ఇవ్వడానికి వెనకాముందాడతాయి. పరుగుకి (అంటే బంతి పట్టుకుని ఒకసారి పరిగెత్తితే, క్రికెట్ పరుగు కాదు) సగటున 4 గజాలు తెస్తే మంచి ఆటగాడు. బ్యారీ 3,062 పరుగులు తీసి తెచ్చిన సగటు 5.0. ఈ ఒక్క అంకె పెట్టుకుంటే మిగతాది అర్థమవుతుంది.

ఇక మనిషి సంగతి. 1968 జూలైలో కాన్సస్ రాష్ట్రం విచిటాలో పుట్టాడు, పదకొండు మంది పిల్లల్లో ఒకడు. తండ్రి విలియం ఇళ్ల పైకప్పులు వేసే పని, వడ్రంగం చేసేవాడు, వేసవిలో కొడుకుల్ని కూడా ఎండలో కప్పుల మీదకి ఎక్కించేవాడు. ఈ తండ్రి గురించి కాస్త చెప్పాలి. కొడుకు ప్రపంచాన్ని ఏలుతున్న రోజుల్లో కూడా, చరిత్రలో అందరికంటే గొప్ప రన్నింగ్ బ్యాక్ పాత తరం దిగ్గజం జిమ్ బ్రౌన్, రెండోవాణ్ని నేనే, మావాడిది మూడో స్థానం అనేవాడు. సరదాకే అన్నాడో నిజంగానే అన్నాడో తెలియని రకం. మన ఇళ్లలోనూ ఉంటారు ఇలాంటి నాన్నలు, ర్యాంకు వచ్చిందని చెప్తే ఫస్ట్ ర్యాంకు ఎవరికొచ్చిందిరా అని అడిగేవాళ్లు.

ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలే. హైస్కూల్లో చివరి ఏడాది నాలుగో మ్యాచ్ దాకా అతన్ని అసలు రన్నింగ్ బ్యాక్‌గా మొదటి జట్టులో ఆడించలేదు. అంతకుముందు ఏడాది ఆ స్థానం సొంత అన్న బైరన్‌ది. ఒకసారి ఛాన్స్ దొరికాక చివరి ఏడు మ్యాచ్‌ల్లో 1,300 గజాలు దాటేశాడు. ఇప్పుడొక చిన్న విషయం చెప్తాను, గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. ఆఖరి మ్యాచ్‌లో జట్టు గెలిచేస్తోంది, ఇంకొంచెం పరిగెత్తితే ఆ ఏడాది ఊరి మొత్తానికి టాప్ రన్నర్ నువ్వే అని కోచ్ చెప్పాడు. బ్యారీ మళ్లీ దిగనన్నాడు. చిన్న క్లాసుల పిల్లల్ని ఆడనివ్వండి అన్నాడట.

పొట్టివాడని పెద్ద పెద్ద యూనివర్సిటీలేవీ పట్టించుకోలేదు, ఓక్లహోమా స్టేట్ తీసుకుంది. అక్కడా రెండేళ్లు థర్మన్ థామస్ అనే ఇంకో మహానుభావుడి వెనక బెంచీ. (థామస్ కూడా తర్వాత ఈ ఆటలో మేటివాళ్లని చేర్చుకునే హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లాడు. ఇలాంటి ఇద్దరు ఒకే కాలేజీ జట్టులో ఉండటం ఊహించుకోండి.) థామస్ వెళ్లిపోయాక 1988లో బ్యారీకి సీజన్ మొత్తం దొరికింది. 11 మ్యాచ్‌ల్లో 2,628 గజాలు, 39 టచ్‌డౌన్లు (బంతితో అవతలి చివరి గీత దాటడం). ఇన్నేళ్లయినా ఒక కాలేజీ సీజన్ గజాల్లో దాన్ని ఎవరూ దాటలేదు. ఆ ఏడాది కాలేజీ ఆటగాళ్లకిచ్చే పెద్ద అవార్డు, హైజ్మన్ ట్రోఫీ, ప్రకటించేటప్పుడు అతను న్యూయార్క్‌లో లేడు, జట్టుతో టోక్యోలో మ్యాచ్ ఆడటానికి వెళ్లాడు. మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లని జట్లు వరసగా ఎంచుకునే ఏర్పాటు) మూడో నంబరుగా లయన్స్ తీసుకుంది. రెండో నంబరు టోనీ మాండరిచ్ అని గ్రీన్ బే జట్టు తీసుకున్న లైన్‌మన్ (ముందు వరసలో నిలబడి అవతలివాళ్లని అడ్డుకునేవాడు), ఆ ఎంపికని గ్రీన్ బే వాళ్లు ఇప్పటికీ తలుచుకోరు, మనం తలుచుకుంటాం.

1989, ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో మొదటి సీజన్, ఆఖరి మ్యాచ్ అట్లాంటాలో. లయన్స్ గెలుపు ఖాయమైపోయింది. లీగ్‌లో అందరికంటే ఎక్కువ గజాలు కాన్సస్ సిటీ ఆటగాడు క్రిస్టియన్ ఒకోయేవి, 1,480. బ్యారీవి 1,470. పది గజాలు! రెండు పరుగులు చాలు. కోచ్ వేన్ ఫాంటెస్ అడిగాడు, వెళ్తావా అని. వద్దన్నాడు, గెలిచాం కదా చాలు అన్నాడు. బోనస్ కోసం, టైటిల్ కోసం కాలు విరిగినా ఆడేవాళ్లున్న చోట, 21 ఏళ్ల కుర్రాడు టోపీ పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు.

అందుకే 1999లో ఊరంతా అవాక్కయినప్పుడు పాతకాపులు కొందరు నాతో అన్నారు, మాకు పదేళ్ల కిందటే చెప్పాడు, మేమే వినలేదు అని. నా సమాధానం మొత్తం ఆ మాటలోనే ఉంది నిజానికి. అయినా మిగతాది చెప్తాను, ఎందుకంటే లెక్కలంటే పట్టింపు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. లెక్కల కోసం కాకపోతే మనిషి గెలుపు కోసం ఆడాలి. ఆ గెలుపే ఇక్కడ లేదు.

1991 ఒక్క ఏడాది బాగా జరిగింది. 12 గెలుపులు, 1992 జనవరి 5న డల్లాస్‌ని 38-6తో చిత్తు చేశారు, బ్యారీ 47 గజాల టచ్‌డౌన్ ఒకటి కొట్టాడు, ఆ ముక్క తప్పకుండా చూడండి, గుంపులో చిక్కుకుని నిలబడిపోయినట్టే ఉంటాడు, మరుక్షణం బయట ఉంటాడు. తర్వాతి వారం వాషింగ్టన్ చేతిలో 41-10తో ఓడిపోయారు. అంతే. ఆ డల్లాస్ గెలుపు తర్వాత లయన్స్ ఇంకో ప్లేఆఫ్ (సీజన్ చివర జరిగే నాకౌట్) మ్యాచ్ గెలవడానికి 2024 జనవరి దాకా పట్టింది, 32 ఏళ్లు. అదే డల్లాస్ ఆ తర్వాత నాలుగేళ్లలో మూడు సూపర్ బౌల్స్ (లీగ్ ఫైనల్స్) గెలుచుకుంది.

దీనికి తోడు ఆ జట్టుని ఏదో దిష్టి పట్టిందా అనిపించేలా జరిగాయి. 1991 నవంబరులో బ్యారీకి దారి తీసే లైన్‌మన్ మైక్ అట్లీ మెడ దగ్గర వెన్నుకి దెబ్బ తగిలి ఛాతీ నుంచి కిందికి చచ్చుబడిపోయింది. 1992 వేసవిలో ఇంకో లైన్‌మన్ ఎరిక్ ఆండోల్సెక్ తన ఇంటి ముందు పని చేసుకుంటుంటే రోడ్డు మీంచి లారీ వచ్చి గుద్దేసింది, చనిపోయాడు. ఇవన్నీ పక్కనే ఉండి చూసినవాడు బ్యారీ.

అతని ఆటలో ఒక చిక్కు కూడా ఉంది, అభిమానులు ఒప్పుకోరు కానీ నేను ఒప్పుకుంటాను. డల్లాస్ రన్నింగ్ బ్యాక్ ఎమ్మిట్ స్మిత్‌లాంటివాళ్లు రెండు గజాలు దొరికితే రెండు తీసుకుని పడిపోతారు. బ్యారీ అలా కాదు, రెండు గజాల సందు కనిపిస్తే వదిలేసి, వెనక్కి తిరిగి, ఇంకో వైపు పోయి ఇరవై వెతుక్కుంటాడు. దొరికితే టీవీలో వారమంతా వేస్తారు, దొరక్కపోతే మైనస్ నాలుగు. 1994లో 1,883 గజాలు సాధించిన మనిషి, అదే సీజన్ ప్లేఆఫ్‌లో, డిసెంబరు 31న గ్రీన్ బేలో, 13 సార్లు పరిగెత్తి మొత్తం మీద మైనస్ 1 గజం తెచ్చాడు. లయన్స్ నాలుగు పాయింట్ల తేడాతో ఓడారు. అతని తప్పెంత, ముందున్న లైన్ తప్పెంత అని ఇక్కడి బార్లలో ఇంకా వాదించుకుంటూనే ఉంటారు. నేనైతే అరవై పాళ్లు లైన్‌దే అంటాను.

1997 గురించి ఆగి చెప్పాలి. కొత్త కోచ్ బాబీ రాస్ వచ్చాడు. మొదటి రెండు మ్యాచ్‌లు కలిపి బ్యారీ 53 గజాలే, పేపర్లలో అప్పుడే అయిపోయాడు అన్నట్టు రాతలు. తర్వాత అతని ముందు దారి కొట్టడానికి ఒక ఫుల్‌బ్యాక్‌ని నిలబెట్టారు. ఇక ఆగలేదు. వరసగా 14 మ్యాచ్‌లు, ప్రతిదాంట్లో వంద దాటాడు. అక్టోబరులో టాంపాలో ఒకే మ్యాచ్‌లో 80, 82 గజాల టచ్‌డౌన్లు రెండు. ఆఖరి మ్యాచ్ న్యూయార్క్ జెట్స్‌తో, సొంత మైదానంలో, 184 గజాలు, సీజన్ మొత్తం 2,053. రెండు వేలు దాటిన మూడోవాడు, అంతకుముందు ఓ.జె. సింప్సన్, ఎరిక్ డికర్సన్ మాత్రమే. అదే మ్యాచ్‌లో లయన్స్ కుర్రాడు రెజ్జీ బ్రౌన్‌కి మెడ దగ్గర వెన్నుపాముకి దెబ్బ తగిలి మైదానంలో ఊపిరి ఆగిపోయింది, నోటితో ఊపిరి ఊది బతికించారు, మళ్లీ ఆడలేకపోయాడు. బ్యారీ జీవితంలో అతి పెద్ద రోజు అలా గడిచింది. ఇక్కడివాళ్లు ఆ మ్యాచ్ గురించి మాట్లాడితే రెండు వేల సంగతి తర్వాత వస్తుంది, ముందు రెజ్జీ పేరు వస్తుంది.

ఇక నేను చూసింది. 1998 శరదృతువు, ఆఫీసులో నా పక్క సీటు అమెరికన్ పెద్దాయన దగ్గర ఒక టికెట్ మిగిలితే నన్ను తీసుకెళ్లాడు. అప్పట్లో లయన్స్ ఆడేది పాంటియాక్ సిల్వర్‌డోమ్‌లో. ఆ స్టేడియం పైకప్పు గుడ్డ, లోపలి గాలి ఒత్తిడి మీదే బుడగలా నిలబడి ఉండేది, అందుకని గాలి పోకుండా గిర్రున తిరిగే తలుపులు పెట్టారు. మామూలు తలుపు తీస్తే లోపలి గాలి మనల్ని వీపు మీద చెయ్యేసి బయటికి తోసినట్టు తోసేది. నాకు ఆట ఓనమాలు తెలియవు. బ్యారీకి బంతి ఇచ్చారు, పడిపోయాడు. మళ్లీ ఇచ్చారు, పడిపోయాడు. ఇతనేనా అన్నట్టు పెద్దాయన వైపు చూశాను, ఆయన ఊరుకోమన్నట్టు చెయ్యి చూపించాడు. ఇంకోసారి బంతి చేతికి అందింది, అందగానే, ఇంకా ఏమీ జరగకముందే, నా ముందు వరసలన్నీ లేచి నిలబడ్డాయి. నేను లేచేసరికి ఆలస్యమైంది. భుజాల సందులోంచి కనిపించింది ఇంతే: ఇద్దరు మనుషులు ఖాళీ చోటు మీదకి దూకి ఒకరినొకరు గుద్దుకున్నారు, బ్యారీ వాళ్లకి నాలుగడుగుల పక్కన పోతున్నాడు. పెద్దాయన కూర్చుంటూ చెప్పాడు, ఇతను ఆడేటప్పుడు బంతి ఇచ్చేముందే లేవాలి అని. ఆ తర్వాత మ్యాచ్ అంతా అలాగే లేచాను, కాళ్లు నొప్పెట్టాయి, చాలాసార్లు ఏమీ జరగలేదు కూడా.

ఆ సీజన్ 5 గెలుపులు, 11 ఓటములు. బ్యారీకి 1,491 గజాలు, అంటే మొదటి ఏడాది నుంచి పదేళ్లూ వెయ్యి తప్పలేదు, పదిసార్లూ ప్రో బౌల్‌కి (అప్పట్లో ఏటా మేటి ఆటగాళ్లతో ఆడించే మ్యాచ్) ఎంపికయ్యాడు. ఆఖరి మ్యాచ్ బాల్టిమోర్‌లో, అదీ ఓటమే. 1999 జూలై చివర్లో, ట్రైనింగ్ క్యాంప్ మొదలయ్యే ముందు, సొంత ఊరు విచిటా పేపరుకి ఒక ఫ్యాక్స్ పంపించాడు. ప్రెస్‌మీట్ లేదు, కన్నీళ్లు లేవు. ఆడాలన్న కోరిక కంటే వదిలేయాలన్న కోరిక ఎక్కువైంది అన్నదే దాని సారాంశం. మనిషి అప్పటికే లండన్ వెళ్లిపోయాడు. మర్నాడు ఆఫీసులో పని జరగలేదు. పెద్దాయన తన టేబుల్ మీదున్న, బ్యారీ నంబరు 20 వేసిన చిన్న బొమ్మని సొరుగులో పడేశాడు, క్రిస్మస్‌కి మళ్లీ బయటికి తీసి పెట్టుకున్నాడనుకోండి.

అప్పటికి అతనివి 15,269 గజాలు. కెరీర్ మొత్తం గజాల రికార్డు చికాగో రన్నింగ్ బ్యాక్ వాల్టర్ పేటన్‌ది, 16,726. తేడా 1,457, అతనికి అది మామూలు సీజన్. పేటన్ అదే సమయంలో జబ్బుతో ఉన్నాడు, నవంబరులో పోయాడు, కాబట్టి ఆయన మీద గౌరవంతో ఆగాడని కొందరు రాస్తారు. నేను నమ్మను. అంత సినిమా కథ అక్కర్లేదు ఇక్కడ. తర్వాత ఆత్మకథలో తనే చెప్పుకున్నాడు, మంచి ఆటగాళ్లని యాజమాన్యం ఒక్కొక్కరినీ వదిలేస్తూ పోయిందని, గెలవాలన్న పట్టుదల కనిపించలేదని. అతని దగ్గరి స్నేహితుడు, ముందు లైన్ మధ్యలో సెంటర్ ఆడే కెవిన్ గ్లోవర్‌ని 1997 సీజన్ అయ్యాక పంపించేశారు. రోజూ మీకు దారి చేసి పెట్టే మనిషిని తీసేసి, నీ పని నువ్వు చేసుకో అంటే ఎలా ఉంటుంది? ఉద్యోగాలు చేసే మనకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

డబ్బు గొడవా అంటే, కారణం డబ్బు కాదు కానీ తర్వాత గొడవ మాత్రం డబ్బు దగ్గరే అయింది. 1997లో ఆరేళ్ల కాంట్రాక్టు, అందులో 1.1 కోట్ల డాలర్లు సంతకం పెట్టినందుకిచ్చే బోనస్. మధ్యలో మానేశావు కాబట్టి సగం, అంటే 55 లక్షల డాలర్లు, తిరిగి కట్టమంది లయన్స్. వేరే జట్టుకి పంపితే ఆడతానేమో అన్న మాటలు అటువైపు నుంచి వినిపించాయి, వీళ్లు వదల్లేదు. 2000లో మధ్యవర్తి కొంత వాయిదాల మీద కట్టమని తీర్పు చెప్పాడు. మొత్తానికి ఆట మానడానికి ఎదురు డబ్బు కట్టిన మనిషి! యాజమాన్యం మీద ఇక్కడి జనానికి కోపం ఉండేది, బ్యారీ మీద కూడా ఉండేది, ఫ్యాక్సేంటయ్యా, ఎదురుగా వచ్చి చెప్పలేవా అని. ఆ కోపం నాకూ న్యాయమే అనిపిస్తుంది. పదేళ్లు తన పేరు చొక్కాల మీద వేసుకుని తిరిగిన ఊరు, ఒక్క పూట ముందుకొచ్చి నిలబడితే సరిపోయేది. ఆ ఫ్యాక్స్ తీరుకి క్షమాపణలాంటి మాటలు అతను కూడా తర్వాత చెప్పాడు.

ఎమ్మిట్ స్మిత్‌తో పోల్చమని ఇంకొకరు కింద అడిగారు. ఎమ్మిట్ 2002లో పేటన్‌ని దాటాడు, 18,355 దగ్గర ఆగాడు. కానీ దానికి 4,409 పరుగులు తీశాడు, సగటు 4.2. ముందు గొప్ప లైన్ ఉంది, ప్రతి వారం ఆడాడు, నొప్పులు ఓర్చుకున్నాడు, అది చిన్న విషయం కాదు. అయినా ఒక్క పరుగు మిగిలి ఉంది, ఎవరి చేతికిస్తావు అంటే నాకు ఆలోచన అక్కర్లేదు. ఒక్క గజమే కావాలంటే మాత్రం ఎమ్మిట్‌కే ఇస్తాను.

2004లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చేటప్పుడు వేదిక మీద పరిచయం చేసింది ఆ తండ్రి విలియమే. లయన్స్‌తో రాజీ కూడా మెల్లగా కుదిరింది, 2023 సెప్టెంబరులో డెట్రాయిట్‌లో ఫోర్డ్ ఫీల్డ్ బయట కంచు విగ్రహం పెట్టారు. సిల్వర్‌డోమ్‌ని అప్పటికే కూల్చేశారు.

మీరు చూడాలంటే ఈ వరసలో చూడండి: ముందు 1997 టాంపా, తర్వాత డల్లాస్ మ్యాచ్, తర్వాత ఆ గ్రీన్ బే మైనస్ ఒకటి కూడా, అది చూడకపోతే మిగతావాటి విలువ తెలియదు. హైలైట్లు కాకుండా దొరికితే పూర్తి మ్యాచ్ చూడండి. టచ్‌డౌన్ అయ్యాక వీడియో ఆపెయ్యకండి. డ్యాన్సు ఉండదు, బంతి నేలకేసి కొట్టడం ఉండదు, దగ్గర్లో ఉన్న అంపైర్ ఎవరో చూసుకుని బంతి అతని చేతికిచ్చి బెంచీ వైపు నడుచుకుంటూ పోతాడు. 82 గజాలు పరిగెత్తాక కూడా అంతే.